జారిన భుజాన్ని లాగొద్దు, పట్టి ఉంచి పంపించండి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి పెద్దలు మన భాష గురించి, అడవి హక్కుల గురించి, చదువుల గురించి చాలా మంచి మాటలు చెప్పారు. నేను అంత పెద్ద విషయాలు మాట్లాడలేను. టీచర్ ట్రైనింగ్ చేసి, ఇన్నేళ్లుగా హాస్టల్లో పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని. జ్వరాలు, గజ్జి, తేలుకాటు, విరిగిన చేతులు, రాత్రి పన్నెండింటికి కడుపునొప్పి, ఇవే నాకు తెలిసిన చరిత్ర. అందులోంచి ఒక్క విషయం తీసుకుని ఈ ఇరవై నిమిషాలు మాట్లాడతాను. భుజం జారడం. మన ఊళ్లలో గూడ జారింది, కీలు తప్పింది అంటాం. అదే.

ఇంత చిన్న విషయమా అని నవ్వుకోకండి. చింతపండు దులపడానికి చెట్టెక్కేది మనమే. జీలుగు చెట్టెక్కేది మనమే. వాన పడ్డ బండల మీద మోపు ఎత్తుకుని దిగేది మనమే. కబడ్డీ, వాలీబాల్ అంటే ప్రాణం పెట్టేదీ మనమే. ఒంట్లో ఉన్న పెద్ద కీళ్లన్నిటిలో ఎక్కువగా జారేది భుజమే. అది ఎక్కువగా జారేది మీ వయసు కుర్రాళ్లకే.

రెండు కథలు చెబుతాను. ఒకటి మా మేనమామది. రెండోది నా హాస్టల్ పిల్లాడిది. రెండో కథలో తప్పు నాది కూడా ఉంది. అది దాచుకుంటే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

మా మామయ్య చెయ్యి

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా మామయ్య జీలుగు చెట్టు మీంచి జారాడు. సగం దూరంలో మట్ట పట్టుకుని వేలాడాడట. ఒంటి బరువంతా ఒక్క చేతి మీద పడింది. కిందపడేసరికి భుజం రూపు మారిపోయింది. గుండ్రంగా ఉండాల్సింది పలకగా అయిపోయి, ముందు వైపు ఒక ఉబ్బు వచ్చింది.

అప్పటికి మా ఊరికి రోడ్డు లేదు. 108 అనే మాటే లేదు. ఆ బండ్లు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. కట్లు కట్టే తాతను పిలుచుకొచ్చారు. ఇద్దరు మామయ్యను గట్టిగా పట్టుకున్నారు. ఒకాయన చంకలో మడమ పెట్టి తన్ని, చెయ్యి పట్టి లాగాడు. మామయ్య అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత పసరు పోసి, వెదురు బద్దలు పెట్టి, నలభై రోజులు విప్పకుండా కట్టు కట్టారు.

కట్టు విప్పాక ఆ చెయ్యి మళ్లీ తల మీదికి లేవలేదు. చాలా ఏళ్ల తర్వాత ఇంకో పని మీద పట్నం వెళ్లినప్పుడు ఫొటో తీయిస్తే, అప్పుడు భుజం జారడమే కాదు, దాని మెడ దగ్గర ఎముక కూడా విరిగిందని, అది వంకరగా అతుక్కుందని చెప్పారు. మామయ్య మళ్లీ చెట్టెక్కలేదు. విల్లు లాగలేదు. ఊళ్లో డప్పు వాయించినవాళ్లలో మొదటివాడు, పండగపూట గట్టు మీద కూర్చుని చూసేవాడు.

ఆ తాతను నేను తప్పు పట్టను. ఎంతోమందికి ఆయన చెయ్యి మంచి చేసింది. ఆయనకు వేళ్లతో తడిమి కీలు ఎక్కడుందో చెప్పే విద్య ఉంది. లేనిది ఒక్కటే, లోపల ఎముక విరిగిందో లేదో చూసే ఫొటో. చేతికి తెలియనిది ఎక్స్‌రేకు తెలుస్తుంది. అంతే తేడా.

ఇంకో మాట చెబుతాను. చంకలో మడమ పెట్టి లాగడం మన కొండల్లోనే పుట్టిన పద్ధతి కాదు. సుమారు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతోనే అది వైద్య పుస్తకాల్లో ఉంది. ఒకప్పుడు దేశదేశాల వైద్యులూ అలాగే లాగారు. నరాలు, రక్తనాళాలు దెబ్బతింటున్నాయని తెలిసి నెమ్మదైన పద్ధతులకు మారారు. 1870లో కోకర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు చేతిని గుంజకుండా తిప్పి పెట్టే పద్ధతి రాశాడు. దానిలోనూ బలంగా తిప్పితే ఎముక విరగొచ్చని తెలిశాక ఇంకా మెత్తని పద్ధతులు వచ్చాయి. ఆస్ట్రేలియా వైద్యుడు కనింగ్‌హామ్ పద్ధతిలో రోగిని నిటారుగా కూర్చోబెట్టి, భుజం కండలు, దండ కండ మర్దన చేసి, అవి వదులయ్యాక కీలు దానంతట అది లోపలికి వెళ్లేలా చూస్తారు. కాబట్టి పాత పద్ధతి వదిలెయ్యమంటే మన పెద్దల్ని వదిలెయ్యమని కాదు. వైద్యులు కూడా వాళ్ల పెద్దల పద్ధతిని వదిలి ముందుకు వచ్చారు.

భుజం ఎందుకు జారుతుంది?

టీచరు బుద్ధి కదా, బోర్డు లేకపోయినా పాఠం చెప్పకుండా ఉండలేను.

మన తుంటి కీలు రోట్లో రోకలి లాంటిది. లోతుగా దిగి ఉంటుంది, అంత తేలిగ్గా బయటికి రాదు. భుజం కీలు ప్రమిదలో పెట్టిన ఉసిరికాయ లాంటిది. కాయ పెద్దది, ప్రమిద లోతు తక్కువ. అందుకే చెయ్యి పైకి, పక్కకి, వెనక్కి, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆ స్వేచ్ఛకు మనం కట్టే మూల్యమే జారడం. ప్రమిద అంచు చుట్టూ మెత్తని పట్టీ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ నరాల్లాంటి గట్టి పట్టీలు, కండలు ఉంటాయి. కాయను పట్టి ఉంచేది ఇవే.

చెయ్యి పక్కకి చాపి, వెనక్కి తిరిగి ఉన్నప్పుడు గట్టిగా గుంజితే కాయ అంచు దాటి ముందుకు వచ్చేస్తుంది. నూటికి 95 సార్లు ముందుకే జారుతుంది. వెనక్కి జారడం అరుదు. ఎక్కువగా ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంట్ షాక్ కొట్టినప్పుడు అలా అవుతుంది. పైకి పెద్దగా కనిపించదు, చెయ్యి బయటికి తిరగదు. ఫిట్స్ వచ్చి తగ్గాక ఎవరైనా భుజం నొప్పి అంటే పడినప్పుడు తగిలిన దెబ్బలే అని వదిలెయ్యకండి.

ఎలా గుర్తుపట్టాలి? భరించలేని నొప్పి. చెయ్యి కదపనివ్వరు. రెండో చేత్తో దాన్ని పట్టుకుని, ఒంటికి కాస్త దూరంగా ఉంచుకుని కూర్చుంటారు. చొక్కా కొంచెం తొలగించి రెండు భుజాలూ పోల్చి చూస్తే, ఒకటి గుండ్రంగా, ఇంకోటి పలకగా, కొసన గుంట పడినట్టు ఉంటుంది. చూడండి, అంతే. తడమొద్దు, ఎత్తి చూడొద్దు.

ఆ సాయంత్రం

ఇక రెండో కథ. రెండేళ్ల కిందట, సంక్రాంతి సెలవులైన తర్వాత. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లాడు. పదిహేడేళ్లు. ఈ సభలోనే ఉన్నాడు. నిన్న అడిగాను, "నీ సంగతి చెప్పనా నాన్నా?" అని. "చెప్పండి మేడమ్, పేరు మాత్రం వద్దు" అన్నాడు. కాబట్టి వెనక్కి తిరిగి వెతక్కండి.

సాయంత్రం కబడ్డీ. గీత అందుకోవడానికి చెయ్యి చాచి దూకాడు. వెనక నుంచి మణికట్టు పట్టి గుంజారు. పడిపోయాడు. నేను వెళ్లేసరికి మట్టిలో కూర్చుని, కుడిచేతిని ఎడమ చేత్తో పట్టుకుని వణుకుతున్నాడు. నేనేం చేశానో వరుసగా చెబుతాను. ఏది తప్పో మీరే గమనించండి.

మొదట "బెణికిందేమో, చెయ్యి ఎత్తు బాబూ" అన్నాను. ఎత్తబోయి కేక పెట్టాడు. తర్వాత నాకు ట్రైనింగ్‌లో నేర్పిన త్రికోణపు కట్టు గుర్తొచ్చింది. మోచెయ్యి మడిచి, ఛాతీకి ఆనించి, చున్నీతో బిగించి కట్టాను. పిల్లాడు తెల్లబోయి చెమటలు కక్కాడు. చల్లగా ఉంది, వణుకుతున్నాడు అని బెల్లం టీ, నాలుగు బిస్కెట్లు పెట్టాను.

ఈలోగా చుట్టూ జనం. వంటాయన, "మా ఊళ్లో ఒకాయన ఉన్నాడమ్మా, రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు" అన్నాడు. పాత విద్యార్థి ఒకడు ఫోన్‌లో వీడియో చూపించి, "ఇలా తిప్పితే అయిపోద్ది మేడమ్, నేను చేస్తాను" అన్నాడు. పిల్లాడు కూడా, "ఎవరో ఒకరు పెట్టెయ్యండి మేడమ్" అని ఏడుస్తున్నాడు. ఆ క్షణంలో సరే అనెయ్యడం చాలా తేలిక. నాకు మామయ్య అరుపు గుర్తొచ్చింది. "ఎవరూ చెయ్యి వెయ్యొద్దు" అన్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో సరైనది అదొక్కటే.

మా హాస్టల్లో సిగ్నల్ మేడ మీదే వస్తుంది. పైకెక్కి 108కి ఫోన్ చేశాను. బండి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అందులో వచ్చిన టెక్నీషియన్ అబ్బాయి నా కట్టు చూసి ఏమీ అనలేదు. నెమ్మదిగా విప్పాడు. చెయ్యి ఒంటికి ఎంత దూరంలో ఉంటే పిల్లాడికి హాయిగా ఉందో అడిగాడు. దుప్పటి చుట్టి, ఆ సందులో దిండులా పెట్టాడు. దాని మీద చెయ్యి ఆనించి వదులుగా కట్టాడు. పిల్లాడి ఏడుపు సగం తగ్గింది. జారిన చేతిని ఛాతీకి తెచ్చి కట్టకూడదని, అది ఎక్కడ ఆగిందో అక్కడే ఆసరా ఇవ్వాలని నాకు ఆ రోజే తెలిసింది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ఇది మీకు వివరంగా చెప్పాలి. ఎందుకంటే, ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలియకే మనవాళ్లు చాలామంది భయపడి వెనక్కి వచ్చేస్తారు. "ఇంతసేపు ఊరికే కూర్చోబెట్టారు" అని కోప్పడతారు. వాళ్లు ఊరికే కూర్చోబెట్టరు.

మేము మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. అక్కడ ఎక్స్‌రే లేదు. డాక్టరు నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి, నాడి చూసి, చీటీ రాసి పెద్ద ఆసుపత్రికి పంపారు. ఘాట్ రోడ్డు ప్రతి మలుపులో పిల్లాడు నా చెయ్యి నలిపేశాడు.

అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరమ్మ ముందు ప్రశ్నలు వేసింది. ఎలా పడ్డాడు? ఎన్నింటికి? ఇంతకుముందు జారిందా? ఫిట్స్ ఉన్నాయా? తల, మెడ ఎక్కడైనా తగిలిందా? ఏ మందైనా పడదా? ఆఖరుగా, ఎప్పుడు తిన్నాడు? నేను బెల్లం టీ, బిస్కెట్ల సంగతి చెప్పాను. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుందట. "ఇంకోసారి నీళ్లు కూడా అడిగి ఇవ్వండమ్మా" అని మెల్లగా చెప్పింది. నేను ప్రేమతో పెట్టింది ఆమె చేతిలోని ఒక దారిని కష్టం చేసింది.

తర్వాత చెయ్యి చూసింది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోందా, వేళ్లు వెచ్చగా ఉన్నాయా, వేళ్లు, మణికట్టు కదిలిస్తున్నాడా. భుజానికి బయటి వైపు, పోలీసులకు చొక్కా మీద బ్యాడ్జీ ఉండే చోట, దూదితో తాకి "తెలుస్తోందా?" అని అడిగింది. అదెందుకంటే, భుజం కీలు కిందుగా చుట్టి వెళ్లే నరం ఒకటి ఉంది. కాయ జారినప్పుడు ఆ నరం సాగిపోవచ్చు, నలగొచ్చు. అప్పుడు ఆ చోట స్పర్శ పోతుంది. భుజం పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి చూసి కాగితం మీద రాస్తారు.

ఆ తర్వాత ఎక్స్‌రే. రెండు వైపుల నుంచి తీశారు. ఎముక విరగలేదు, ముందుకు జారింది అని తేలింది. విరిగి ఉంటే దారి వేరు. విరిగిన ఎముకను జారిన కీలనుకుని గుంజితే మా మామయ్య చెయ్యి అవుతుంది. చిన్నపిల్లల్లో ఇది ఇంకా ముఖ్యం. ఎదిగే వయసులో ఎముక కొసన మెత్తని భాగం ఉంటుంది. చిన్నపిల్లలు పడినప్పుడు కీలు జారడం కన్నా ఆ భాగం విరగడమే ఎక్కువ. పైకి రెండూ ఒకేలా కనిపించొచ్చు.

ఇక పెట్టడం. మత్తు బదులు కీలులోనే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపు ఆగారు. డాక్టరమ్మ పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి మడిచి పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదంటే, నాకైతే కదులుతోందా లేదా అనిపించింది. నొప్పి అనగానే ఆగిపోయేది. కండ వదులయ్యే దాకా ఆగి మళ్లీ కొంచెం. మధ్యలో "ఏ ఊరు నీది? కబడ్డీలో ఎవరంటే ఇష్టం?" అని మాటలు. ఎనిమిది, పది నిమిషాలు. ఒక చిన్న టక్ శబ్దం. పిల్లాడి ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. నలుగురు పట్టుకోలేదు, మడమ పెట్టలేదు. ఆమె నా భుజం దాకా కూడా ఉండదు. భుజం పెట్టడానికి కావలసింది బలం కాదు, ఓపిక అని ఆ రాత్రి కళ్లారా చూశాను.

అందరికీ ఇంత తేలిగ్గా జరగదు. కండలు బాగా బిగిసిపోతే ఆక్సిజన్ పెట్టి, గుండె, శ్వాస గమనిస్తూ మత్తిచ్చి పెడతారు. అప్పటికీ రాకపోతే ఆపరేషన్ గదిలో పూర్తి మత్తు. జారిన భుజాన్ని వారాల తరబడి వదిలేసి వచ్చినవాళ్లకు తరచు ఆపరేషనే గతి. అప్పటికి రక్తనాళాలు కూడా చుట్టూ అతుక్కుని ఉంటాయి. గుంజితే ప్రాణాపాయం.

పెట్టాక మళ్లీ నాడి, మళ్లీ స్పర్శ, మళ్లీ ఎక్స్‌రే. మెడకు పట్టీ వేసి, మూడు వారాలు తియ్యొద్దు, తర్వాత చూపించుకోండి, వ్యాయామాలు నేర్పుతాం అని చీటీ ఇచ్చారు. తెల్లారేసరికి హాస్టల్‌కి వచ్చేశాం. నేను గండం గడిచిందనుకున్నాను.

నా రెండో తప్పు

తమ్ముళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. అసలు కథ ఇప్పుడే మొదలు.

తొమ్మిదో రోజుకి వాడు పట్టీ తీసేశాడు. స్నేహితులు వెక్కిరించారట. నొప్పి లేదు, అన్నం తినడానికి అడ్డం. నేను చూశాను. ఒకసారి చెప్పి ఊరుకున్నాను. మూడు వారాల తర్వాత చూపించుకోవాల్సిన రోజు ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. పెద్ద ఆసుపత్రికి వెళ్లి రావాలంటే ఒక రోజంతా పోతుంది. "పరీక్షలయ్యాక వెళ్దాంలే" అన్నాను. పరీక్షలయ్యాయి. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ చీటీ నా రిజిస్టర్లోనే ఉండిపోయింది.

ఏప్రిల్లో ఇటుకల పండగ. వాడు ఊళ్లో మామిడి చెట్టెక్కాడు. పై కొమ్మ అందుకోబోయాడు. భుజం మళ్లీ జారింది. ఈసారి ఆపేవాళ్లు లేరు. ముగ్గురు పట్టుకుని గుంజేశారు. లోపలికి వెళ్లింది కూడా. అందరూ సంతోషించారు. కానీ ఆ రోజు నుంచి భుజానికి బయటి వైపు అరచేయంత చోట స్పర్శ లేదు. చెయ్యి పక్కకి లేపాలంటే బలం లేదు. జారినప్పుడే నరం దెబ్బతిందో, గుంజినప్పుడు దెబ్బతిందో ఎవరూ చెప్పలేరు. ముందు, తర్వాత చూసి రాసినవాళ్లు లేరు కాబట్టి. వాడు సిగ్గుపడి రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్పర్శ, బలం తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. చాలామందికి అలా తిరిగి వస్తుంది, కొందరికి రాదు. వాడు అదృష్టవంతుడు. కానీ ఆ ఏడాది జిల్లా కబడ్డీ ఎంపికలకు వెళ్లలేకపోయాడు. ఆ వయసులో ఒక ఏడాది అంటే ఎంతో మీకు తెలుసు.

ఎందుకు మళ్లీ జారింది? మొదటిసారి జారినప్పుడే ప్రమిద అంచు పట్టీ చిరిగిపోతుంది. ఆ చిరుగును 1923లో వివరంగా రాసిన ఇంగ్లండ్ వైద్యుడు బ్యాంకార్ట్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. ఇరవై ఏళ్లలోపు మొదటిసారి జారిన కుర్రాళ్లలో సగం మందికి పైగా మళ్లీ జారుతుంది. ప్రతి జారుడుకీ అంచు ఇంకాస్త అరుగుతుంది. చివరికి నిద్రలో పక్కకు తిరిగినా, చొక్కా వేసుకున్నా జారే స్థితి వస్తుంది. పోలీసు ఉద్యోగం, సైన్యం అని కలలు కనే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి. దేహదారుఢ్య పరీక్షల్లో ఈ చేత్తోనే నెగ్గాలి.

కాబట్టి లోపలికి పెట్టడంతో వైద్యం అయిపోలేదు. సగమే అయింది. మిగతా సగం పట్టీ, వ్యాయామం. పట్టీ ఎన్నాళ్లో డాక్టరు చెప్పినన్నాళ్లు. ఆ రోజుల్లో కూడా వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదిలిస్తుండాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. తర్వాత ఫిజియోథెరపీలో నేర్పినట్టు భుజం చుట్టూ కండలకు బలం తెచ్చుకోవాలి. రాయి విసిరేటప్పుడు చెయ్యి ఎలా పైకెత్తి వెనక్కి పెడతామో, ఆ భంగిమ కొన్ని వారాలు పూర్తిగా మానెయ్యాలి. కబడ్డీలాంటి ఆటలు ఇంచుమించు మూడు నెలల దాకా వద్దు, ఆ తర్వాతా డాక్టరు సరేనన్నాకే. మళ్లీ మళ్లీ జారుతుంటే చిరిగిన అంచును చిన్న రంధ్రాల ద్వారా కుట్టే ఆపరేషన్ ఉంది. ఖర్చుకు భయపడి ఆగొద్దు. ఆరోగ్యశ్రీ అని మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం కింద వస్తుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు.

నలభై దాటిన అమ్మలు, అయ్యలకు ఇంకో మాట. మీ వయసులో జారితే కండరాల పట్టీ చిరిగే అవకాశం ఎక్కువ. భుజం పెట్టిన తర్వాత రెండు మూడు వారాలకూ చెయ్యి లేవకపోతే, వయసు మీద పడింది అనుకోకుండా మళ్లీ వెళ్లి చూపించుకోండి.

మీరు చెయ్యాల్సింది

ఇవి రాసుకోండి. ఫోన్‌లో అయినా సరే.

ఒకటి: చెట్టు మీంచో, ఎత్తు నుంచో పడితే ముందు తల, మెడ, వెన్ను చూడండి. స్పృహ లేకపోయినా, మెడ నొప్పి అన్నా కూర్చోబెట్టొద్దు, కదపొద్దు. భుజం సంగతి తర్వాత.

రెండు: లాగొద్దు, తిప్పొద్దు, వేడినూనె రాయొద్దు, బిగించి కట్టొద్దు. వీడియో చూసి నేర్చుకున్న విద్య ఇక్కడ పనికిరాదు.

మూడు: చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే ఆసరా ఇవ్వండి. చేతికీ, ఒంటికీ మధ్య దుప్పటో, చీరో మడిచి పెట్టండి. వెడల్పు తువ్వాలుతో వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, దారాలు వెంటనే తీసెయ్యండి, వాపు వచ్చాక రావు. ఐస్ దొరికితే గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి. లేకపోతే తడిగుడ్డ.

నాలుగు: తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. పడిన సమయం, చివరిగా తిన్న సమయం రాసి పెట్టండి.

ఐదు: పావుగంటకోసారి వేళ్లు చూడండి. చల్లబడినా, తెల్లగానో నీలంగానో మారినా, తిమ్మిరెక్కినా, అది ఇంకా తొందరపడాల్సిన సంగతి. 108కి ఫోన్ చేసినప్పుడు ఆ మాట తప్పక చెప్పండి.

ఆరు: దానంతట అదే లోపలికి వెళ్లిపోయినా ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి పోయిందంటే లోపలి చిరుగు పోయిందని కాదు.

"ఆలస్యమైతే కండలు బిగుసుకుంటాయన్నారు కదా మేడమ్, మరి వెంటనే లాగితే మంచిది కదా?" అని అడుగుతారని తెలుసు. నిజమే, త్వరగా పెట్టడమే మంచిది. కానీ ఆ త్వర దారి మీద చూపించాలి, చేతి మీద కాదు. ఫోన్ త్వరగా చెయ్యండి. రోడ్డు లేని ఊరైతే డోలీ త్వరగా కట్టండి. బండి ఎదురొచ్చే చోటికి త్వరగా చేర్చండి. చెయ్యి పెట్టడం నేర్చుకున్నవాళ్ల పని.

ఈ సంఘం యువతకు నా విన్నపం. ఒక్కో ఊరి నుంచి ఇద్దరు ముందుకు రండి, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మీ ఊళ్లో సిగ్నల్ ఎక్కడ వస్తుంది, 108 బండి ఎంతవరకు రాగలదు, ఎక్స్‌రే ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, ఈ మూడూ కాగితం మీద రాసి అంగన్‌వాడీ గోడకు అంటించండి. ఊళ్లో కట్లు కట్టే పెద్దాయన ఉంటే ఆయనను పక్కన పెట్టొద్దు, కలుపుకోండి. జారిందో లేదో ఆయన చూడగానే చెబుతాడు, ఊరు ఆయన మాట వింటుంది. "ముందు ఫొటో తీయించుకురండి" అన్న మాట ఆయన నోటి నుంచి వస్తే, నేను వంద ప్రసంగాలు చేసినదానికన్నా ఎక్కువ.

నేను కూడా ఒక పని చేశాను. ఇప్పుడు నా రిజిస్టర్లో ఒక పేజీ విడిగా పెట్టుకున్నాను. ఏ పిల్లాడు మళ్లీ ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలో తేదీలు రాసే పేజీ. పరీక్ష ఉన్నా, సెలవులున్నా ఆ తేదీ దాటనివ్వను. పిల్లాడు ఇంటికి వెళ్లిపోతే తల్లిదండ్రులకు ఫోన్ చేస్తాను, సిగ్నల్ లేకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తతో కబురు పెడతాను. రెండేళ్ల కిందట ఆ పేజీ ఉండి ఉంటే, ఆ పిల్లాడి ఏడాది పోయేది కాదు.

వాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. రోజూ పొద్దున్నే రబ్బరు పట్టీతో భుజం వ్యాయామం చేస్తాడు. ఏడాదిగా భుజం జారలేదు. పోయిన నెల మళ్లీ కబడ్డీ కోర్టులోకి దిగాడు.

నేను చాలాసేపు మాట్లాడాను. ఇక చేసి చూద్దాం. తువ్వాళ్లు తెచ్చుకున్నవాళ్లు ఇద్దరిద్దరుగా ముందుకు రండి. ఒకరు దెబ్బ తగిలినట్టు కూర్చోండి, ఇంకొకరు కట్టండి. తువ్వాలు లేకపోతే చున్నీ చాలు. బిగించొద్దు నాన్నా, వదులుగా.

 జై ఆదివాసీ.